రూట్ కెనాల్ చేయించాలా? చేయిస్తే ఆ పన్ను ఎన్నేళ్లుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు పళ్ల క్లినిక్కుల్లో మళ్లీ మళ్లీ వినిపించే సందేహాలను ఒకచోట చేర్చాం. రూట్ కెనాల్ అంటే పన్ను లోపల చెడిన నరాన్ని తీసి, వేర్లలోని కాలువలను కడిగి నింపడం. ఆ తర్వాత పన్ను మీద వేసే తొడుగే క్యాప్. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్లొచ్చు. నొప్పి తగ్గగానే క్లినిక్‌కి రావడం మానేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని కొన్ని జవాబులు కాస్త గట్టిగానే రాశాం. పన్ను నిలవడానికి లోపల చేసే పని ఎంత ముఖ్యమో పైన కట్టే పనీ అంతే ముఖ్యం.

## చేయించాలా, వద్దా

చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. రూట్ కెనాలే గతా?

అన్నిసార్లూ కాదు. నీళ్లు మింగిన రెండు మూడు సెకన్లలో జివ్వు ఆగిపోతే లోపలి నరం ఇంకా కోలుకునే స్థితిలోనే ఉంది. పుచ్చు తీసి ఫిల్లింగ్ చేస్తే చాలు. నీళ్లు మింగాక కూడా అర నిమిషం, నిమిషం పాటు సలుపుతూనే ఉన్నా, ఏమీ తినకుండానే నొప్పి లేచినా, రాత్రి పడుకోగానే ఎక్కువై నిద్ర లేపేసినా నరం ఇక కోలుకోదు. పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఒత్తిడి పెరుగుతుంది. పన్ను గట్టి గోడల మధ్య వాచిన నరానికి సాగే చోటు ఉండదు, రాత్రి నొప్పి అందుకే. వేడి టీ తాకితే ప్రాణం పోయినట్టుండి, చల్లనీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉందంటే నరం చివరి దశలో ఉన్నట్టు.

పది రోజులు నరకం చూపించింది, ఇప్పుడు అసలు నొప్పే లేదు. తగ్గిపోయినట్టేనా?

తగ్గలేదు, నరం చచ్చిపోయింది. నొప్పి చెప్పేది నరమే కాబట్టి అది పోగానే కబురు ఆగిపోతుంది. క్రిములు మాత్రం వేరు కొన దాటి ఎముకలోకి పాకుతుంటాయి. కొన్ని నెలలకు నమిలితే నొప్పి, దవడ వాపు, చిగురు మీద పొక్కు కనిపిస్తాయి. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం కరిగితే గానీ మామూలు ఎక్స్‌రేలో నల్లమచ్చ తేలదు. ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాట మీద ఊరుకోకూడదు.

చిగురు మీద చిన్న పొక్కు వస్తోంది, చితికిపోతోంది. నొప్పి లేదు కదా, వదిలేయొచ్చా?

అది లోపలి చీముకు దొరికిన దారి. చీము బయటికి పోతోంది కాబట్టే నొప్పి లేదు. ఆ రంధ్రంలోకి గుట్టాపెర్చా (కాలువలు నింపే రబ్బరులాంటి పదార్థం) సన్నని కడ్డీ దూర్చి ఎక్స్‌రే తీస్తే ఏ పంటి వేరు దగ్గర మొదలైందో కనిపిస్తుంది. పొక్కు ఒక పన్ను ఎదురుగా లేచి, చీము దాని పక్క పన్నుదైన సందర్భాలు తక్కువేం కాదు. పిన్నీసుతో గుచ్చొద్దు. రూట్ కెనాల్ సరిగ్గా పడితే ఆ పొక్కు ఒకటి రెండు వారాల్లో దానంతటదే మూసుకుపోతుంది.

మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి ఐదు రోజులు మింగితే పోదా?

పోదు. మందు రక్తంతో పాటు వెళ్లి పనిచేయాలి. చచ్చిన నరంలో రక్త ప్రసారమే లేదు, మందు అక్కడికి చేరదు. నరం బతికి సలుపుతున్నప్పుడు అది వాపు తప్ప చీము కాదు, అప్పుడూ యాంటీబయాటిక్‌తో పనిలేదు. జ్వరం వచ్చినా, బుగ్గ వాపు పాకుతున్నా, నోరు తెరుచుకోకపోయినా యాంటీబయాటిక్ కావాలి. అప్పుడు కూడా పన్ను తెరిచి చీముకు దారి ఇచ్చే పనికి తోడుగానే. షాపులో విడిగా నాలుగు బిళ్లలు కొని మింగడం వల్ల ఆ పన్ను బాగుపడదు, క్రిములు మందుకు అలవాటు పడతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా నొప్పి బిళ్ల ఏది వేసుకోవాలి? మాది ఉద్దానం.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లకు ఈ ప్రశ్న మిగతావాళ్ల కంటే ముఖ్యం. ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, కెటోరోలాక్ అన్నీ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గించే మందులే. కిడ్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు రోజులు వాడితే ఇబ్బంది ఉండదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) పెరిగినవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉండి తాను ఎప్పుడూ పరీక్ష చేయించుకోనివాళ్లకు ఇవి వద్దు. పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకటి చాలు. మద్యం అలవాటున్నవాళ్లు డాక్టరును అడిగి ఇంకా తగ్గించాలి.

స్ట్రిప్పు వెనక పేర్లు చదవండి. "పారాసెటమాలే కదా" అని ఇచ్చే బిళ్లల్లో చాలావాటిలో ఎసిక్లోఫినాక్ కలిసి ఉంటుంది. కిడ్నీ, అల్సర్, ఆస్తమా, గర్భం ఏవీ లేని పెద్దవాళ్లకు మాత్రం అన్నం తిన్నాక ఐబూప్రొఫెన్ 400, పారాసెటమాల్ 500 కలిపి వేసుకుంటే పంటి నొప్పికి బాగా పనిచేస్తుంది.

డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు పంటి పనిని డయాలిసిస్ మర్నాటికి పెట్టుకోవాలి. ఆ రోజున ఎక్కించే హెపారిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మర్నాటికి దాని ప్రభావం పోతుంది, ఒంట్లో మలినాలూ తక్కువగా ఉంటాయి. యాంటీబయాటిక్ మోతాదు కూడా కిడ్నీ డాక్టరును అడిగే రాయించుకోవాలి.

లవంగ నూనె, కర్పూరం, పొగాకు గుండ పెట్టొచ్చా?

లవంగ నూనెలోని యూజెనాల్ కాసేపు నరాన్ని మొద్దుబారుస్తుంది. దూదికి ఒక చుక్క అంటించి పుచ్చులో మాత్రమే పెట్టాలి, చిగురుకు తగిలితే కాలి బొబ్బెక్కుతుంది. కర్పూరం, పొగాకు గుండ వద్దు.

పీకించేస్తే చవగ్గా అయిపోతుంది కదా?

పీకిన రోజు లెక్క చూస్తే చవకే. పన్ను పోయిన ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, ఎదుటి పన్ను ఆ ఖాళీ వైపు జారుతుంది, నమలడం ఒక పక్కకే అలవాటవుతుంది. ఆ ఖాళీ నింపాలంటే బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో కట్టే పన్ను) కోసం రెండు పక్కల ఉన్న మంచి పళ్లను అరగదీయాలి, లేదంటే ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ వేరు) పెట్టించాలి. ఈ రెండూ రూట్ కెనాల్, క్యాప్ కలిపినదాని కంటే మామూలుగా ఖరీదే.

అయినా పీకించడమే సరైన సందర్భాలున్నాయి. పగులు ఎముక లోపలికి దిగినా, చిగురు పైన పట్టుకోవడానికి పన్నే మిగలకపోయినా, చిగుళ్ల జబ్బుతో పన్ను బాగా ఊగుతున్నా రూట్ కెనాల్ దండగ. జ్ఞాన దంతానికి కూడా చాలావరకు అవసరం ఉండదు. క్యాప్‌కి డబ్బు ఇప్పట్లో కుదరదనుకుంటే ఆ సంగతి మొదటిరోజే చెప్పండి. నమిలే కొసలను కప్పేలా ఫిల్లింగ్ కట్టడమో, తక్కువ ఖర్చులో లోహపు క్యాప్ వేయడమో డాక్టరు ముందే ఆలోచించుకుంటారు.

పై పన్ను నరం తీస్తే కంటిచూపు తగ్గుతుందంటారు, నిజమా?

కాదు. చూపుకు వేరే నాడి ఉంది. పళ్లకు వచ్చే సన్నని కొమ్మలు వేరే నాడివి.

మా గుంటడికి ఏడేళ్లు. పాలపన్నుకి నరం తీయాలంటున్నారు. ఎలాగూ ఊడేదే కదా?

ముందు అది పాలపన్నేనా అని అడగండి. ఆరో ఏట అన్నిటికంటే వెనక్కి మొలిచే దవడ పన్ను శాశ్వతం. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు పాలపన్ననుకుని పీకించేస్తారు. దాని ముందున్న పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఏడో ఏటే పీకిస్తే పక్క పన్ను జరిగి, కింద నుంచి రావలసిన పన్నుకు చోటుండదు, అది వంకరగా వస్తుంది. పాలపన్నులో గుట్టాపెర్చా పెట్టరు, వేరుతో పాటు కరిగిపోయే పేస్టు నింపుతారు. నరం పైభాగమే చెడితే ఆ కాస్తే తీసి కప్పేసినా సరిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

ఎక్కడ చేయించుకోవాలి? ఏం అడగాలి?

బీడీఎస్ చదివిన డాక్టర్లందరూ రూట్ కెనాల్ చేయొచ్చు. దీనిలోనే మూడేళ్లు ఎండీఎస్ చేసినవాళ్లను ఎండోడాంటిస్టు అంటారు. దవడ పన్ను వంకర వేర్లు, పాత రూట్ కెనాల్ మళ్లీ చేయడం లాంటివాటికి వాళ్లను వెతుక్కోవడం మంచిది. శ్రీకాకుళం దగ్గర చాపురంలో డెంటల్ కాలేజీ ఉంది. విజయనగరం వైపువాళ్లకు తగరపువలస దగ్గరి సంగివలస కాలేజీ అందుబాటు. కాలేజీల్లో విద్యార్థులు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఖర్చు తక్కువ, సిట్టింగులు ఎక్కువ, ఒక్కో సిట్టింగు రెండు గంటలు పట్టినా విసుక్కోకూడదు. జిల్లా కేంద్రాల ప్రభుత్వాసుపత్రులకు వెళ్లేటట్టయితే పీకడమేనా, రూట్ కెనాల్ కూడా చేస్తారా, క్యాప్ అక్కడే వేస్తారా అని ముందే కనుక్కొని వెళ్లండి.

ఏ క్లినిక్‌లోనైనా మూడు మాటలు అడగండి: రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ కప్పే రబ్బరు షీటు) వేస్తారా, వేరు పొడవు కొలిచే అపెక్స్ లొకేటర్ ఉందా, పని అయ్యాక ఎక్స్‌రే నాకు ఇస్తారా. డిగ్రీ లేకుండా సంత పక్కన బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ల దగ్గర ఈ పని చేయించొద్దు.

ఖర్చు చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఎందుకలా?

ఒకరు రూట్ కెనాల్ ఒక్కటే చెబుతారు, ఇంకొకరు క్యాప్‌తో కలిపి చెబుతారు. ఎక్స్‌రేలు, లోపల నింపే పని, మధ్యలో కట్టే ఫిల్లింగ్, పోస్ట్ (వేరులోకి దించే కడ్డీ) పడితే పోస్ట్, క్యాప్ ఇలా ఐదూ విడివిడిగా రాయించుకుంటే పోల్చుకోవడం తేలిక. ముందు పన్ను కంటే దవడ పన్నుకు ఎక్కువ అడగడం న్యాయమే. ముందు పన్నులో కాలువ ఒకటుంటే దవడ పన్నులో మూడు నాలుగు ఉంటాయి.

అమ్మకి షుగరు, బీపీ ఉన్నాయి, రక్తం పలచబడే బిళ్ల వాడుతుంది. చేయించొచ్చా?

చేయించొచ్చు. పీకడం కంటే రూట్ కెనాలే ఇలాంటివాళ్లకు క్షేమం, ఎందుకంటే గాయం చిన్నది. టిఫిన్ తిని, రోజూ వేసుకునే మందులన్నీ వేసుకుని పొద్దున్నే తీసుకురండి. షుగరు బిళ్ల వేసుకుని ఏమీ తినకుండా కుర్చీలో కూర్చుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి సొంతంగా ఆపేయొద్దు. గుండె కవాటం మార్చిన వాళ్లు మాత్రం ఆ సంగతి మొదటే చెప్పాలి. వాళ్లకు పనికి అరగంట నుంచి గంట ముందు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. షుగరు అదుపులో లేకపోతే వేరు కొన దగ్గర ఎముక నెమ్మదిగా పూడుతుంది.

ఇప్పుడు ఐదో నెల. కడుపుతో ఉండగా చేయించొచ్చా?

నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన సమయం. మత్తు ఇంజెక్షన్, సీసపు ఆప్రాన్ వేసి తీసే ఒకటి రెండు ఎక్స్‌రేలు ఇబ్బంది చేయవు. ఐబూప్రొఫెన్ జాతి బిళ్లలు, డాక్సీసైక్లిన్ వాడకూడదు. భయపడి కాన్పయ్యేదాకా చీమును దాచుకోవడమే ఎక్కువ ప్రమాదం.

పది రోజుల్లో చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోవాలి. ఇప్పుడు మొదలుపెట్టనా, వచ్చాక చేయించనా?

బోటెక్కితే నెలల తరబడి పన్ను గోడు వినేవాడుండడు. కాబట్టి వెళ్లే ముందే చేయించండి. అయితే మీ ప్రయాణం తేదీ డాక్టరుకు మొదటిమాటగా చెప్పండి. పది రోజులుంటే చాలా పళ్లకు కాలువలు నింపి, పైన గట్టి శాశ్వత ఫిల్లింగ్ వేసి పంపొచ్చు. క్యాప్ తిరిగొచ్చాక వేయించుకోవచ్చు, అది కూడా ఆ పక్క నమలకుండా ఉంటేనే. అన్నిటికంటే చెడ్డది ఒకటుంది: ఒక సిట్టింగు చేయించి, తాత్కాలిక సిమెంటుతో రైలెక్కేయడం. ఆ సిమెంటు రెండు మూడు వారాలకే లీకవుతుంది. చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్లేవాళ్లకూ ఇదే మాట. మూడు రోజులే చేతిలో ఉండి పన్ను బాగా చెడి ఉంటే, పీకించుకోవడమే తెలివైన పని కావచ్చు.

## కుర్చీలో కూర్చున్నాక

లోపల అసలు ఏం చేస్తారు?

మొదట మత్తు ఇంజెక్షన్, చాలా చోట్ల 2 శాతం లిగ్నోకెయిన్‌లో కాస్త అడ్రినలిన్ కలిపినది. తర్వాత పుచ్చంతా తీసి, పన్ను పైభాగాన చిన్న తలుపులా రంధ్రం చేసి నరం గదిలోకి దిగుతారు. అక్కడి నుంచి ఒక్కో వేరులోకి ఒక్కో కాలువ. కింది మొదటి దవడ పన్నుకు మూడు లేదా నాలుగు, పై మొదటి దవడ పన్నుకు చాలావరకు నాలుగు. ఈ నాలుగోది సన్నగా ఓ గట్టు కింద నక్కి ఉంటుంది, దాన్ని వదిలేసిన పళ్లే తర్వాత ఎక్కువ గొడవ చేస్తాయి.

మొదట దింపే ఫైల్ (కాలువను గీకే సన్నని సూది) కొన 0.10 లేదా 0.15 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుక కంటే కాస్త లావు. పన్ను కొస నుంచి వేరు కొన దాకా దాదాపు 20 నుంచి 25 మిల్లీమీటర్లుంటుంది, అపెక్స్ లొకేటర్ ఆ కొలత చెబుతుంది. ఆ కొలతకు ఒక మిల్లీమీటరు లోపే ఆగుతూ కాలువను వెడల్పు చేస్తారు.

ఫైలు గోడల్ని గీకుతుందే గానీ క్రిముల్ని చంపేది మందునీళ్లు. సోడియం హైపోక్లోరైట్ చచ్చిన నరాన్ని కరిగిస్తుంది. చివర్లో ఈడీటీఏ ద్రావణం ఒక నిమిషం ఉంచితే గోడలకు అంటిన పొడి పోతుంది. ఈ కడుగుడు మీద ఎంత సమయం పెట్టారన్నది పేషెంటుకు కనిపించదు గానీ ఫలితం ఎక్కువగా దాని మీదే ఉంటుంది. ఆరబెట్టి, గుట్టాపెర్చా కడ్డీలను సీలర్‌తో (సందులు మూసే పేస్టు) కలిపి నింపి, పైన ఫిల్లింగ్ వేస్తారు.

నోటిమీద ఆ రబ్బరు షీటు ఎందుకు? ఊపిరాడదనిపిస్తోంది.

ముక్కుతో పీల్చుకోవచ్చు, అర నిమిషంలో అలవాటవుతుంది. ఉమ్ములో క్రిములుంటాయి, అవి కాలువలోకి దిగితే కడిగినదంతా వృథా. పైగా చేతి నుంచి జారిన చిన్న ఫైలు గొంతులోకి పోకుండా, హైపోక్లోరైట్ నోట్లో పడకుండా ఆపేదీ అదే.

మత్తు ఇచ్చినా నొప్పి పుడుతోందేం? డాక్టరుకు చేతకాదా?

కింది దవడ పన్ను బాగా సలుపుతున్న రోజున ఇది మామూలే. పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారదు. వాచిన నరం మందుకు లొంగదు. పక్కన ఆర్టికెయిన్ అనే మరో మత్తుమందు వేయడం, పంటికీ ఎముకకూ మధ్య వేయడం, చివరగా నేరుగా నరంలోకి వేయడం ఇలా వరసగా దారులున్నాయి. చెయ్యెత్తి చెప్పండి, ఓర్చుకోనవసరం లేదు.

ఒక్క సిట్టింగులో అయిపోతుందంటున్నారు. మూడు సిట్టింగులే మంచివి కదా?

రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా పరిశోధనల్లో కనిపించలేదు. ఒకే సిట్టింగులో చేస్తే మొదటి వారం నొప్పి కాస్త ఎక్కువ ఉండొచ్చు. చీము కారుతున్న పన్నుకు, కాలువ ఆరకపోతే, వాపు ఉన్నప్పుడు కాలువలో కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి ఒకటి రెండు వారాలు ఆగుతారు.

ఫైలు ముక్క లోపల విరిగిపోయిందని చెప్పారు. ఇప్పుడెలా?

చెప్పారంటే మంచి డాక్టరే. వంకర కాలువలో నికెల్ టైటానియం ఫైలు తిరిగి తిరిగి అలసిపోయి విరుగుతుంది. ముక్క వల్ల విషం ఎక్కదు. దాని కింద కడగని భాగంలో క్రిములున్నాయా అన్నదే అసలు ప్రశ్న. కడగడం దాదాపు పూర్తయ్యాక, వేరు కొన దగ్గర విరిగితే అలాగే నింపి కనిపెట్టుకుని ఉండొచ్చు. మొదట్లోనే విరిగి, పన్ను కింద నల్లమచ్చ కూడా ఉంటే మైక్రోస్కోపుతో తీసే చోటికి పంపమని అడగండి. మీ కాగితం మీద ఆ సంగతి రాయించుకోండి.

## మొదటి వారం

నరం తీసేశాక కూడా నొప్పి ఉంది. ఎన్నాళ్లు?

రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా. ఇప్పుడు నొప్పెడుతున్నది పన్ను కాదు, వేరు చుట్టూ ఉన్న కణజాలం. నొప్పి రోజురోజుకీ తగ్గుతోందంటే చాలు. పళ్లు కలిపితే ఆ ఒక్క పన్నే ముందు తగులుతోందంటే ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నట్టు. దాన్ని కాస్త అరగదీస్తే ఆ పూటే హాయి.

రాత్రికి రాత్రి దవడ వాచింది. పొద్దున దాకా ఆగొచ్చా?

బుగ్గ మెత్తగా కొద్దిగా వాచి, జ్వరం లేకుండా, నీళ్లు మింగగలుగుతుంటే పొద్దున్నే క్లినిక్‌కి వెళ్లొచ్చు. గడ్డం కింద రెండు పక్కలా గట్టిగా వాచినా, నాలుక పైకి లేచినా, మింగలేక చొంగ కారుతున్నా, మాట మారినా, ఊపిరి ఇబ్బందైనా, కన్ను మూసుకుపోయినా ఆ రాత్రే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. మెడలోకి దిగిన చీము గంటల్లో ఊపిరి దారిని మూసేయగలదు. వాపు మీద వేడి కాపడం పెట్టొద్దు.

తాత్కాలిక సిమెంటు ఊడిపోయింది. అపాయింట్‌మెంట్ ఇంకా వారం ఉంది.

ఆగొద్దు, ఆ రోజో మర్నాడో వెళ్లి పెట్టించుకోండి. పైన ఒక పొర లేచిపోతే ఫర్వాలేదు, గుంత కనిపిస్తే ఫర్వా ఉంది. ఆ సిమెంటు కనీసం మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటేనే ఉమ్మిని ఆపుతుంది. దూది కుక్కుకుంటే అన్నం మెతుకుల వాసన తప్ప ఏం మిగలదు.

## క్యాప్ సంగతి

నొప్పి పోయింది కదా, క్యాప్ దేనికి? డాక్టర్ల వ్యాపారం కాదా?

అమెరికాలో 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ పళ్లను ఎనిమిదేళ్లు గమనించిన లెక్క 2004లో వచ్చింది. పోయిన పళ్లు మూడు శాతమే. ఆ పోయినవాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. 2002 నాటి మరో పరిశోధనలో క్యాప్ లేని పళ్లు ఆరు రెట్లు ఎక్కువగా పోయాయి.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పుచ్చు కొంత తినేసింది, లోపలికి దారి చేయడానికి కొంత పోయింది. మిగిలిన పల్చని గోడలు నడిమి దూలం తీసేసిన ఇంటి గోడల్లా ఉంటాయి, తేగ కొరికినప్పుడో చెరకు నమిలినప్పుడో విచ్చుకుంటాయి. నరం లేదు కాబట్టి ఎంత గట్టిగా నములుతున్నారో పన్నుకు సరిగ్గా తెలియదు కూడా. దవడ పళ్లకు నెల లోపల క్యాప్ వేయించుకోవాలి. వచ్చే పంట డబ్బులకు, సంక్రాంతికి అని వాయిదా వేసిన పళ్లే నిలువునా చీలి వస్తుంటాయి.

ఏ క్యాప్ మంచిది?

కనిపించని వెనక పన్నుకు పూర్తి లోహపు క్యాప్ మొండిది, చవకైనది, పన్నును తక్కువగా అరగదీస్తారు. లోహం మీద పింగాణీ వేసినది మధ్యస్థం, కొన్నేళ్లకు పింగాణీ పెచ్చు ఊడొచ్చు, చిగురు దగ్గర నల్లగీత కనిపించొచ్చు. పింగాణీలాంటి జిర్కోనియా క్యాప్ పక్క పళ్లతో రంగు కలుస్తుంది, గట్టిది, ఖరీదు ఎక్కువ. మా మాట ఏమిటంటే, ఏ రకం అన్నదానికంటే అంచు బిగువుగా కూర్చుందా అన్నదే ముఖ్యం. పళ్ల సందుల్లో దూర్చే దారం ఆ అంచు దగ్గర చీలికలైతే, అన్నం ఇరుక్కుంటుంటే వెంటనే చూపించండి. పదేళ్ల వారంటీ కాగితం తయారీ లోపానికే, కింద పట్టే పుచ్చుకు కాదు.

పన్ను చాలా పోయింది, పోస్ట్ వేయాలంటున్నారు. దానితో పన్ను బలపడుతుందా?

బలపడదు. పోస్ట్ పని పైన కట్టే ఫిల్లింగ్‌ను పట్టుకోవడమే. బలం ఇచ్చేది చిగురు పైన చుట్టూ మిగిలిన సొంత పన్ను, అది కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎత్తున ఉండి క్యాప్ దాన్ని పట్టీలా బిగించాలి. అంత కూడా లేకపోతే చిగురు కాస్త కోసి పన్నును బయటపెట్టడమో, ఆ పన్ను మీద ఆశ వదులుకోవడమో చేయాలి. పోస్ట్ వేసినా వేరు అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల గుట్టాపెర్చా కదలకుండా ఉండాలి.

ముందు పన్నుకు కూడా క్యాప్ తప్పదా? నల్లబడుతుందా?

చిన్న రంధ్రమే చేసి ఉంటే ముందు పన్నుకు మంచి ఫిల్లింగ్ చాలు. లోపల మిగిలిన రక్తం, నరం ముక్కల వల్ల, పైకి వదిలేసిన సీలర్ వల్ల రంగు మారొచ్చు. అప్పుడు పన్ను లోపలే బ్లీచింగ్ మందు పెట్టి కొన్ని రోజులుంచి తెల్లబరుస్తారు. దెబ్బ తగిలి నల్లబడిన పన్నుకు క్యాప్ అనే ముందు ఇది అడగండి.

## ఏళ్లు గడిచాక

ఖచ్చితంగా చెప్పండి, ఎన్నేళ్లుంటుంది?

గడువు తేదీ ఉండదు. మొదలుపెట్టిన రోజున పన్ను ఏ స్థితిలో ఉందన్నదే పెద్ద తేడా చేస్తుంది. 1990లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధనలో ఎనిమిది, పదేళ్ల తర్వాత చూస్తే, ఎముకలో మచ్చ లేకుండా చేసిన పళ్లలో 96 శాతం బాగున్నాయి. నరం చచ్చి మచ్చ పడ్డాక చేసినవాటిలో 86 శాతం. ఒకసారి చెడి, మచ్చతో మళ్లీ చేసినవాటిలో 62 శాతం. అంటే నొప్పి మొదలైన వారంలో వచ్చినవాళ్లకూ రెండేళ్లు బిళ్లలతో నెట్టుకొచ్చినవాళ్లకూ ఒకే హామీ ఇవ్వలేం.

ఏడాదైంది, ఎక్స్‌రేలో నల్లమచ్చ ఇంకా ఉంది. ఫెయిలైనట్టేనా?

మచ్చ చిన్నదవుతోందా, పెరుగుతోందా అన్నది చూడాలి. చాలావరకు ఏడాదిలో తగ్గుదల కనిపిస్తుంది, పూర్తిగా పూడడానికి నాలుగేళ్ల వరకూ పట్టొచ్చు. పాత ఎక్స్‌రే లేకపోతే పోల్చలేం. నొప్పి, పొక్కు, వాపు లేకుండా మచ్చ తగ్గుతుంటే ఏమీ చేయనవసరం లేదు.

ఐదేళ్లు బాగుంది, ఇప్పుడు మళ్లీ నొప్పి. నరమే లేదు కదా?

నొప్పి వేరు చుట్టూ ఉన్న ఎముకది. కారణాలు ఎక్కువగా ఇవి: మొదట్లో దొరకని కాలువ, కొన దాకా చేరని గుట్టాపెర్చా, క్యాప్ అంచు లీకై లోపలికి దిగిన ఉమ్మి, వేరుకు పగులు. ఒక్కోసారి ఈ పన్ను నిర్దోషి, పక్క పన్ను చెడి ఉంటుంది.

లోపల పని తక్కువైతే క్యాప్ తీసి రూట్ కెనాల్ మళ్లీ చేయొచ్చు. మంచి పోస్ట్, క్యాప్ కదల్చలేనప్పుడు చిగురు తెరిచి వేరు కొన మూడు మిల్లీమీటర్లు కోసి, వెనక నుంచి ఎంటీఏ సిమెంటు నింపుతారు. మైక్రోస్కోపు కింద చేస్తే దీని ఫలితాలు బాగుంటాయి. ఏది చేయాలో తేల్చుకోవడానికి పన్నును అన్ని వైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ ఉపయోగపడుతుంది.

పన్ను చుట్టూ చిగురు మామూలుగానే ఉండి, ఒక్కచోట మాత్రం కొలిచే సూది సన్నగా లోతుకు దిగిపోతే వేరు నిలువునా పగిలినట్టు అనుమానించాలి. దానికి అతుకు మందు లేదు. ఒక వేరున్న పన్నయితే పీకడమే. మూడు వేర్లున్న పై దవడ పన్నులో పగిలిన వేరు ఒక్కటీ తీసేసి మిగతాది కాపాడవచ్చు.

క్యాప్ వేశాక ఆ పన్నుకు పుచ్చు పట్టదు కదా?

క్యాప్‌కి పట్టదు, దాని అంచు కింద ఉన్న పన్నుకు పడుతుంది. నరం లేదు కాబట్టి జివ్వుమని హెచ్చరిక రాదు. క్యాప్ చేతిలోకి ఊడి వచ్చేసరికి లోపల పన్ను మెత్తబడిపోయి ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో అంచు చుట్టూ తోమాలి, పళ్ల సందుల్లో దారమో చిన్న బ్రష్షో వాడాలి.

రూట్ కెనాల్ వల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది.

ఆ మాట మూలం అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు 20వ శతాబ్దం మొదట్లో చేసిన ప్రయోగాలు. తర్వాతివాళ్లు జాగ్రత్తగా చేసి చూస్తే అవి నిలబడలేదు. మన జిల్లాల్లో నోటి క్యాన్సర్‌కి భయపడాల్సిన కారణాలు వేరే ఉన్నాయి: ఖైనీ, గుట్కా, చుట్ట. ఇంట్లో పెద్దావిడ అడ్డపొగ తాగుతుంటే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేటట్టయితే, పంటి పనికి తీసుకొచ్చిన రోజునే అంగిలి కూడా చూడమనండి. తెల్లమచ్చ, ఎర్రని పుండు రెండు వారాలు దాటి మానకపోతే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి.

చెకప్‌కి ఎప్పుడెప్పుడు రావాలి? ఊరు మారితే?

పని అయ్యాక ఆరు నెలలు నిండాక ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి ఎక్స్‌రేతో. మచ్చ ఉన్న పన్నయితే నాలుగేళ్ల దాకా ఏటా ఒకసారి. డిజిటల్ పంటి ఎక్స్‌రే ఒకదాని రేడియేషన్ దాదాపు ఒక రోజు మనకు ప్రకృతి నుంచి అందేంత, దానికి భయపడక్కర్లేదు. ఊరు మారేవాళ్లు మూడు ఫొటోలు ఫోన్‌లో దాచుకోండి: పనికి ముందు ఎక్స్‌రే, కాలువలు నింపాక ఎక్స్‌రే, ఎన్ని కాలువలు నింపారో ఏ క్యాప్ వేశారో రాసిన చీటీ. హైదరాబాద్‌లో కొత్త డాక్టరు ముందుగా అడిగేది ఆ రెండో ఎక్స్‌రేనే.